వేటగాని వాటా

ఆదివారం ఉదయం తిరుత్తణి బజారు వీధిలోకి వెళ్లి చూడండి. కొండమీద స్వామివారి గంట ఒకవైపు వినబడుతూ ఉంటుంది. ఇంకొకవైపు మాంసం అంగళ్ల ముందర మనవాళ్లు సంచులు చేతబట్టుకొని నిలుచుని ఉంటారు. "వేట కిలో ఎంతయ్యా?" అని ఒకరు అడుగుతారు. అంగడివాడు పొట్టేలు ధర చెబుతాడు. అడిగినవారికి గాని, చెప్పినవారికి గాని ఆ మాటలో వింత ఏమీ తోచదు.

కాని చదువరులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలసిన మాట అది. దొడ్డిలో పుట్టి, ఆకు తిని పెరిగి, మెడకు తాడుతో అంగడికి నడిచివచ్చిన పొట్టేలును పట్టుకొని 'వేట' అనడమేమిటి? దాన్ని ఎవరు వేటాడారు? అడవిలో కొట్టి తెచ్చినదే మాంసమై ఉండిన రోజుల మాట అది కాబోలు. అడవి దూరమైనా, ఆయుధం అటకెక్కినా, మాట మాత్రం మన నోట నిలిచింది. గ్రామదేవత జాతరలో మేకపోతును బలి ఇస్తే నేటికీ 'వేట వేశారు' అనే అంటాము.

ఆ మాటతోపాటు నిలిచినది మరొకటి ఉన్నది. అది కార్జం. అంగడివాడు తెలిసినవాళ్లకోసం ఆకు చాటున దాచిపెట్టే ఆ నల్లెర్రని ముక్కకు మన ఇళ్లలో ఉన్న గౌరవం వేటనాటి గౌరవమే. వేట సంగతి, కార్జం సంగతి కలిపి వ్రాయవలసిన అవసరం మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంఘటనవల్ల కలిగింది. దానికి ముందు కొంచెం వెనుకటి కథ చెప్పుకోవాలి.

కుశస్థలి ఒడ్డున

వేట అనగానే మనకు రాజులు, రథాలు, ధనుర్బాణాలు గుర్తుకు వస్తాయి. అంతకంటె ఎంతో పాతకాలపు వేటగాని పనిముట్లు మన తిరువళ్లూరు జిల్లా నేలలోనే ఉన్నాయి. 1863లో భూగర్భ పరిశోధన శాఖవారైన రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అనే ఇద్దరు పూండి సమీపాన అత్తిరాంపాక్కం దగ్గర రాతి చేతిగొడ్డళ్లు కనుగొన్నారు. ఆ యేడే మద్రాసు పక్కన పల్లావరంలో ఫుట్‌కు దొరికిన గొడ్డలితో మన దేశపు పాతరాతియుగ చరిత్రకు శ్రీకారం చుట్టినట్లయింది. అత్తిరాంపాక్కం అడుగు పొరలలోని పనిముట్లు సుమారు 15 లక్షల ఏండ్లనాటివని 2011లో పరిశోధకులు ప్రకటించారు. పూండి జలాశయం చూడటానికి పిల్లలను తీసుకొని వెళ్లేవారు, అక్కడే ఉన్న ప్రదర్శనశాలలోకి కూడా ఒకసారి తొంగిచూడటం మంచిది. అరచేతిలో ఇమిడే ఆ రాయి బాదంకాయ ఆకారంలో, రెండు వైపుల పదును పెట్టి ఉంటుంది. దుంప తవ్వడానికి, తోలు ఒలవడానికి, ఎముక పగలగొట్టి మూలుగ తీయడానికి అదే సాధనం. మన అంగడివాని కత్తికి ముత్తాత అన్నమాట.

కొండమీది పెళ్లి, కాళహస్తి కన్ను

ఇక మన స్థలపురాణాలలో వేట లేని పురాణమే లేదు. తిరుత్తణి స్వామి పెండ్లాడిన వల్లీదేవి ఒక లేడి కడుపున పుట్టిందంటారు. దుంపలు తవ్విన గుంటలో దొరికిన ఆ పసికందును వేటగాండ్ల దొర నంబి పెంచుకున్నాడు. కొర్రచేనుకు కావలి ఉన్న ఆ పిల్లకోసం కుమారస్వామి తానే వేటగాని వేషం వేసుకొని వచ్చాడు. యుద్ధాలలో పుట్టిన కోపం చల్లారిన చోటు కాబట్టి దీనికి తణిగై అని పేరు వచ్చిందని చెబుతారు. తమిళంలోని ఆ 'తణి', మన తెలుగులో 'తనియు' అనే మాట, తోబుట్టువులే. లేడికి పుట్టిన బిడ్డను లేడిని కొట్టేవాడు పెంచడమన్న కథలో పెద్దలు ఏదో చెప్పదలచుకున్నారని నాకు చిన్నప్పటినుంచీ అనుమానం.

అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడినదీ ఇటువంటి కథే. ఇక శ్రీకాళహస్తి తిన్నడు మనకు బొత్తిగా దగ్గరివాడు. కాల్చిన మాంసాన్ని నమిలి చూసి, రుచి అయిన ముక్కలు ఏరి శివునికి పెట్టినవాడు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఆ కథను మనకు తెలుగులో పెట్టి ఇచ్చాడు. వేటలో మెత్తని ముక్క ఎవరికి చెందాలి అన్న ప్రశ్నకు తిన్నడు చెప్పిన జవాబు అది. తిరుమలలో కనుమనాడు జరిగే పారువేటలో నేటికీ స్వామి వేటకు వెళతారు. అర్చకులు ఈటె విసురుతారు. ప్రాణి ఏదీ చావదు.

అదే పురాణాలు వేటను సప్తవ్యసనాలలో కూడా చేర్చాయని మరువరాదు. లేడి రూపంలో ఉన్న మునిని కొట్టి పాండురాజు శాపం తెచ్చుకున్నాడు. బంగారు లేడి వెంటబడి రాముడంతటివాడు సీతను పోగొట్టుకున్నాడు. ఆకలికి కొట్టిన వేటను మన్నించిన పెద్దలు, సరదాకు కొట్టిన వేటను మన్నించలేదు.

తుపాకి నాది, కన్ను అతనిది

మా తాతగారి ఊరు నాగలాపురం కొండల వాలులో ఉండేది. నాకు ఎనిమిదేండ్లప్పుడు, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. సత్యవేడు ప్రాంతం అటు వెళ్లింది. బడిలో అయ్యవార్లు అదేమాట చెప్పుకుంటూ ఉంటే, తాతగారు మాత్రం "దుప్పికి ఈ సంగతి ఎవరు చెబుతారురా?" అని నవ్వేవారు. రాత్రిపూట ఆంధ్రలో నిద్రలేచి, మద్రాసు వేరుసెనగ చేలో మేసి, తెల్లవారేసరికి ఆంధ్రకు వెళ్లిపోయే దుప్పులవి.

తాతగారికి ఒక నాటు తుపాకి ఉండేది. చేను మేసే దుప్పిని ఏడాదికి ఒకటి రెండుసార్లు కొట్టేవారు. ఆయన వెంట ఎప్పుడూ ఒక యానాది పెద్దాయన ఉండేవాడు. నేలమీద విరిగిన గడ్డిపోచ చూసి, జంతువు ఏది, ఎంతసేపటి క్రితం వెళ్లింది చెప్పగలిగినవాడు. వేట పడ్డాక చెరువుకట్టమీద ఆకులు పరిచి కోసేవారు. పాళ్లు వేసే పద్ధతి నాకు బాగా జ్ఞాపకం. కార్జం ముందుగా తీసి, నిప్పులమీద ఉప్పు చల్లి కాల్చేవారు. మొదటి ముక్క కొండదేవతకు, మిగిలినది యానాది పెద్దాయనకు. తాతగారు తొడమాంసం తీసుకునేవారు. "కొట్టినది మీరు గదా తాతా, మంచి ముక్క ఆయనకెందుకు?" అని నేను అడిగాను. "తుపాకి నాది, కన్ను అతనిది. కన్ను లేకపోతే తుపాకి కట్టెపుల్ల" అన్నారు ఆయన. పేగులు కుక్కలకు, తల ఊరి కావలివానికి, మగదిక్కు లేని రెండు మూడిళ్లకు తలా ఒక పొట్లం. మిగిలినది సన్నని పాయలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి దండెంమీద ఎండబెట్టేవారు.

కార్జం అక్కడికక్కడే తినడంలో ఆచారమే కాదు, అవసరం కూడా ఉన్నది. మన ఎండలకు మొదట చెడేవి లోపలి అవయవాలే. నెత్తురు నిండి, మెత్తగా ఉండేవాటిలో క్రిములు త్వరగా పెరుగుతాయి. కండను ఎండబెట్టి నిలువ చేయవచ్చుగాని కార్జాన్ని, గుండెకాయను, మూత్రపిండాలను నిలువ చేసే ఉపాయం పల్లెలో లేదు. అందుచేత దాచుకోదగినది ఇంటికి, దాచరానిది కష్టపడ్డవారికి. ఈ న్యాయంలో తెలివీ ఉన్నది, దయా ఉన్నది.

జింక వేరు, దుప్పి వేరు

మనం అన్నిటినీ జింకలే అంటాము గాని అవి రెండు వేరు కుటుంబాలు. మగ కృష్ణజింక కొమ్ములు మెలిపెట్టినట్లు ఉంటాయి. ఒకసారి మొలిస్తే చచ్చేవరకూ రాలవు. అది మేకకూ గొర్రెకూ దూరపు చుట్టం. ఒంటిమీద తెల్లచుక్కలుండే దుప్పి, పెద్ద శరీరంగల కణుజు మాత్రం కొమ్ములు రాల్చి మళ్లీ మొలిపించుకుంటాయి. ఈ తేడా కార్జంలో కూడా కనబడుతుంది. మేక కార్జానికి అంటుకొని చేదు తిత్తి ఉంటుంది. అది చిట్లితే కూరంతా చేదు. కృష్ణజింకకూ ఉంటుంది. దుప్పికి, కణుజుకు అసలు చేదు తిత్తే లేదు. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ సుమారు 2,300 ఏండ్ల క్రితమే దుప్పిజాతికి పైత్యపు తిత్తి లేదని వ్రాశాడు. మా యానాది పెద్దాయన అరిస్టాటిల్‌ను చదవలేదు గాని అతనికీ ఆ సంగతి తెలుసు.

ఇంటికి వచ్చిన ఆకు పొట్లం

ఇక మా ఇంటి సంగతి. మా మనుమరాలు తిరువళ్లూరులో కాలేజీ చదువుతున్నది. మెట్లు ఎక్కితే ఆయాసం, ముఖం పాలిపోవడం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉన్నదన్నారు. అది తెలిసిన ఒకాయన ఒక సాయంకాలం ఆకు పొట్లం పట్టుకొని వచ్చాడు. "అయ్యా, దుప్పి కార్జం. పాపకు పెట్టండి. వారంలో రక్తం పడుతుంది" అన్నాడు. మా ఆవిడ కళ్లలో ఆశ మెరిసింది. చేయి చాపబోయింది కూడా.

నేను వద్దన్నాను. పొట్లం విప్పకుండానే తీసుకొని వెళ్లిపొమ్మన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "మీ తాతగారు కొట్టలేదా?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకున్నది. ఆ రాత్రి మా ఆవిడకూ నాకూ వాదం జరిగింది. "పిల్లకు మేలు జరుగుతుందంటే చట్టం అడ్డమా?" అన్నది ఆమె. ఆమెకు నేను చెప్పిన జవాబే ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి మాట చట్టం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకకు అప్పుడే గట్టి రక్షణ దొరికింది. కొన్ని జంతువులను లైసెన్సుమీద కొట్టే వీలు మరికొంత కాలం మిగిలి ఉండినా, 1991 సవరణతో అదీ పోయింది. నేడు దుప్పిని కొట్టినవాడే కాదు, మాంసం కొన్నవాడు, ఉచితంగా పుచ్చుకొని ఇంట్లో ఉంచుకున్నవాడు కూడా నేరస్థుడే. జైలుశిక్ష ఉన్నది. తిరుత్తణివైపు ఒక చట్టం, నాగలాపురంవైపు ఒక చట్టం లేదు. పాత ఇళ్ల గోడలమీద తాతలనాటి కొమ్ములు వేలాడుతూ ఉంటే, వాటికి యాజమాన్య పత్రం ఉన్నదో లేదో పెద్దలు చూసుకోవలసి ఉంటుంది.

రెండవ మాట న్యాయం. తాతగారి రోజులలో కొండమీద అడవి ఉన్నది, అడవినిండా దుప్పులు ఉన్నాయి. నేడు ఊళ్లు కొండ పాదాలదాకా వచ్చాయి. మా మనుమలు దుప్పిని చూడాలంటే గిండి పార్కుకు తీసుకొని వెళుతున్నాను. ఆ గిండి వనాన్ని 1978లో జాతీయవనంగా ప్రకటించబట్టి, మద్రాసు మహానగరం నడిమధ్య కృష్ణజింకలూ దుప్పులూ బ్రతికి ఉన్నాయి. ఉన్నప్పుడు తినడం వేరు, ఊడ్చుకొని తినడం వేరు.

వేట మానినందువల్ల నష్టపోయినవారు లేకపోలేదు. అందరికంటె ముందు నష్టపోయినది, తుపాకి ఉన్న మన తాతలు కాదు, కన్ను ఉన్నవారు. యానాదులకు, ఇరులవారికి అడవే అంగడి. పాముతోళ్ల వ్యాపారం నిలిచిపోయాక ఇరులవారికి పూటగడవని స్థితి వచ్చింది. 1978లో చెంగల్పట్టువైపు వడనెమ్మేలిలో వారి సహకార సంఘం ఏర్పడింది. పాములను పట్టి, విషం తీసి, తిరిగి వదిలిపెట్టడం వారి పని. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. ఆ సంఘంవారైన వడివేల్ గోపాల్, మాసి సడయన్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి కొండచిలువలు పట్టి వచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. గడ్డిపోచ చూసి జాడ చెప్పే కన్ను వ్యర్థం కాలేదు. వారి వాటా వారికి ఆలస్యంగానైనా దక్కింది.

రక్తం పడే రహస్యం

మూడవ మాట వైద్యం. మా ఆవిడ నమ్మకం తప్పుకాదు. కార్జం రక్తహీనతకు పనికివస్తుందన్నది నిజమే. 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీ ప్రాణాంతకమైన ఒకరకపు రక్తహీనతను రోజూ కార్జం పెట్టి కుదిర్చారు. వారికి, అంతకుముందు కుక్కలమీద పరిశోధన చేసిన విపుల్‌కు కలిపి 1934లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణీ స్త్రీలలోని రక్తహీనతను పరిశోధించి, దాన్ని మాన్పే గుణం ఈస్టు సారంలోనూ కార్జంలోనూ ఉన్నదని చూపింది. ఆ గుణం పేరే తరువాత ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు ఎవరు? భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నగారిని పొట్టనపెట్టుకున్న స్ప్రూ జబ్బుకు కూడా ఆ మందే పనికివచ్చింది. నేడు గర్భిణీలకు ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలో ఆ తెలుగువాని కష్టం కలిసి ఉన్నది.

అయితే ఈ గుణం దుప్పి కార్జానికే ప్రత్యేకం కాదు. మేక కార్జంలో, కోడి కార్జంలో కూడా ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం దండిగా ఉన్నాయి. కండమాంసంలో కంటె కార్జంలో ఇనుము మూడు నాలుగు రెట్లు. పైగా మాంసంలోని ఇనుము ఆకుకూరలలోని దానికంటె సులువుగా ఒంటికి పడుతుంది. నేరం చేసి తెచ్చుకోవలసిన మందు అంగట్లో చవకగా దొరుకుతున్నది. దాన్నే మన పిల్లలు 'ఎముక లేనిది చాలు' అంటూ వదిలేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57మందికి రక్తహీనత ఉన్నదని తేలింది. పొట్టేలులో ఎంతో విలువైన ముక్కను చిన్నచూపు చూసే రోజులలోనే ఈ లెక్క రావడం ఆలోచించవలసిన విషయం.

మా పిల్లకు డాక్టరమ్మ మాత్రలు ఇచ్చింది. పురుగులకు మందు వేసింది. భోజనంతో టీ తాగవద్దన్నది. వారానికి ఒకసారి కార్జం పెట్టవచ్చునన్నది. మూడు నెలలలో పిల్ల తేరుకున్నది. మాత్రలవల్లనా, కార్జంవల్లనా అని మా ఆవిడ అడిగితే, రెండింటివల్ల అని చెప్పి ఊరుకున్నాను.

గృహిణులకు నాలుగు మాటలు

కార్జం కొనేటప్పుడు నునుపుగా, తడిగా, ముదురు ఎరుపుగా ఉన్నది తీసుకోండి. నీటిబుడగలుగాని, తెల్లని కణుతులుగాని కనబడితే వద్దు. అటువంటిదాన్ని కుక్కలకు కూడా వేయరాదు. ఆ బుడగలలోని పురుగు కుక్క కడుపులో పెరిగి మళ్లీ మనుషులకు అంటుతుంది. చేదు తిత్తి చిట్లకుండా తీసివేయాలి. చిన్న ముక్కలు కోసి, పసుపు నీటితో కడిగి, చిన్న ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, దంచిన మిరియాలతో వేపితే చాలు. లోపలిదాకా ఉడకాలి, కాని రబ్బరులాగా సాగేదాకా కాదు. ఉప్పు చివర వేస్తే మెత్తగా ఉంటుందని మా అవ్వ అనేది. రాగి సంగటి పక్కన దానికి మించినది లేదు. తమిళ సోదరులు సువరొట్టి అని మురిసే ప్లీహం కూడా ఇనుము గలదే.

అందరికీ ఇది హితం కాదు. గర్భిణీలు కార్జం విరివిగా తినరాదు. అందులోని ఎ విటమిను మోతాదు మించితే కడుపులోని బిడ్డకు హాని. కీళ్లవాతం, యూరిక్ ఆమ్లం ఉన్నవారు, కొలెస్టరాల్ ఎక్కువైనవారు వైద్యుని అడిగి తినాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు కూడా ఒకమాట. అక్కడ తెల్లతోక దుప్పిని లైసెన్సుమీద, నియమిత కాలంలో కొట్టనిస్తారు. కొట్టినదాన్ని ఇంట్లో తినవచ్చు, స్నేహితులకు పంచవచ్చు, అమ్మకూడదు. అది వారి నేల, వారి చట్టం, తప్పుపట్టను. కాని 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన క్షీణరోగం అక్కడి దుప్పులలో వ్యాపించింది. రోగమున్న ప్రాంతమైతే పరీక్ష చేయించనిది తినవద్దు. మెదడు, వెన్నుపాము, ప్లీహం ముట్టవద్దు. సీసపు గుండు తగిలినచోట మాంసం బాగా వెడల్పుగా కోసి పారవేయండి.

తాతగారి తుపాకి ఎప్పుడో సర్కారుకు అప్పగించాము. నా దగ్గర మిగిలినది ఆయన పాళ్లు వేసిన పద్ధతి ఒక్కటే. ఇప్పుడు ఆదివారం మాంసం తెచ్చినప్పుడు, కార్జం ముందుగా వేపి, మొదట మనుమరాలి విస్తట్లో వేస్తున్నాము. తరువాత గిన్నె ఇంటిపనికి వచ్చే అమ్మాయి దగ్గరకు వెళుతుంది. ఆ అమ్మాయి ముఖం కూడా మొన్నమొన్నటిదాకా పాలిపోయే ఉండేది. మా ఆవిడ ఇప్పుడు నాతో వాదించడం మానింది. ఆకు పొట్లం తెచ్చిన ఆయన మాత్రం వీధిలో కనబడితే కొంచెం ముభావంగా ఉంటాడు. ఉండనీ. ఒకనాటి ఆదివారం ఆయననూ భోజనానికి పిలవాలని ఉన్నది.